చెయ్యి చాపి ముట్టి...

"ఆయన కనికరపడి, చెయ్యిచాపి వానిని ముట్టి – నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్మని వానితో చెప్పెను." (మార్కు 1:41)

ఈ వచనంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడండి. ముందు ముట్టాడు, ఆ తర్వాతే మాట. యేసు చెయ్యి తగిలేటప్పటికి ఆ మనిషి ఇంకా కుష్ఠరోగే. లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం అతను పాళెం వెలుపల బతకాలి, "అపవిత్రుడను" అని తనే కేకవేసి చెప్పుకోవాలి. శతాధిపతి దాసుణ్ణి దూరం నుంచి ఒక్క మాటతో బాగుచేసిన ప్రభువు, ఇక్కడ మాత్రం ముందు చెయ్యి చాపాడు. ఆ ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎన్నేళ్లయిందో!

మా సంఘంలో ఒక అక్క ఉంది. భర్త పోయాక పరీక్ష చేయిస్తే తనకూ హెచ్‌ఐవీ అని తేలింది. చర్చికి రావొద్దని ఆమెను ఎవరూ అనలేదు. కానీ పోయిన క్రిస్మస్ ప్రేమ విందు రోజు ఆమె ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుని కత్తిపీట ముందు కూర్చోబోతే, "నువ్వు లే అక్కా, మేం కోస్తాంలే, నీకెందుకు శ్రమ" అన్నారొకరు. ఎంతో మర్యాదగా అన్నారు. ఆమె లేచి, చెంగు సర్దుకుని, వెళ్లి గోడవారన కూర్చుంది. ఆ కత్తిపీట మీద కూర్చున్నది నేను. రోజూ ప్రార్థనలో ఆమె పేరు తలిచే నేను నోరు తెరవలేదు.

వంట వల్ల, గిన్నెల వల్ల, పక్కన కూర్చోవడం వల్ల హెచ్‌ఐవీ రాదు. ఇది మాకు తెలియక కాదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. వాటిని మానకుండా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా కూడా ఇంకొకరికి సోకదు. "ప్రార్థన చేశాం, స్వస్థత వచ్చేసింది, మందులు ఆపెయ్యి" అని మాత్రం దయచేసి ఎవరూ చెప్పకండి. 44వ వచనంలో, బాగైనవాణ్ణి కూడా ప్రభువు యాజకుడికి చూపించుకోమన్నాడు. ఆ రోజుల్లో పరీక్ష చేసి తేల్చేది యాజకుడే.

ఇంకో మాట. "ఫలానా సహోదరికి ఈ జబ్బు, ప్రార్థించండి" అని మైకులో ప్రార్థన అంశంగా చెప్పేస్తారు. నమ్మి చెప్పుకున్న మాటను వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదని మన దేశంలో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ మీద 2017లో చేసిన చట్టం ఉంది. ఉగాండాలో గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ గురువు 1992లో తనకు హెచ్‌ఐవీ ఉందని తనే అందరికీ చెప్పారు. అది ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాట. ఇంకొకరి మాట చెప్పే హక్కు మనకెక్కడిది?

నన్ను పట్టుకుని వదలనిది 45వ వచనం. ఆ సంగతి ఊరంతా పాకిపోయి, యేసు పట్టణంలోకి బాహాటంగా వెళ్లలేక వెలుపల అరణ్య ప్రదేశాల్లో ఉండిపోయాడు. వెలుపల ఉన్నవాడు లోపలికి వచ్చాడు, ప్రభువు వెలుపలికి పోయాడు. ఆ గోడవార చోటు నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది.

మొన్న డిసెంబర్ 1న, ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు, వాళ్లింటికి వెళ్లాను. పోయిన ఏడాది సంగతికి క్షమించమని అడిగి, "ఈసారి ఉల్లిపాయలు మనిద్దరం కోద్దాం అక్కా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. టీ గ్లాసు నా చేతికిచ్చి, అప్పుడడిగింది.

"ఎన్ని కేజీలు తెప్పిస్తున్నారు?"