రెండో సర్వర్ ఆపే ముందు కాస్త ఆగండి

మొన్న శనివారం రాత్రి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా నాలుగు సర్వర్లకి కెర్నల్ అప్‌డేట్, ర్యామ్ పెంచే పని పెట్టుకున్నాం. పైన వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్, కింద డేటాని సర్వర్లన్నిటి డిస్కుల్లో పంచి పెట్టే సెఫ్, మూడు కాపీలు, మిన్ సైజ్ 2, అంటే కనీసం రెండు కాపీలుంటేనే చదవడం, రాయడం నడుస్తుంది. నోఅవుట్ అనే సెట్టింగ్ పెట్టకపోతే సర్వర్ ఆగిన 10 నిమిషాలకి సెఫ్ ఇక ఇది రాదనుకుని కాపీలు వేరేచోట కట్టేస్తుంది కదా, అది పెట్టి, వీఎంలు పక్కకి మైగ్రేట్ చేసి మొదటిది ఆపాం. ర్యామ్ దగ్గర తిప్పలు పడి గంట పైనే పట్టింది. లేచాక ఓఎస్‌డీలన్నీ (ఒక్కో డిస్క్‌ని చూసుకునే సెఫ్ ప్రోగ్రాములు) అప్ అని వచ్చింది. నాతో ఉన్న కర్నూలు తమ్ముడు "అన్నా, అన్నీ పైకొచ్చినాయి గదా, రెండోది గూడా ఆపేద్దామా" అన్నాడు, నేనూ సరే అనేశా. సీనియర్‌ని నేను, వద్దనాల్సింది నేనే.

అప్ అంటే డిస్క్ బతికుందని మాత్రమే. ఆ గంటలో డేటాబేస్ రాసిందంతా దానికింకా అందలేదు, చాలా పీజీలు (సెఫ్ డేటాని విడగొట్టి పెట్టుకునే గుంపులు) బ్యాక్‌ఫిల్‌లోనే, అంటే వెనకబడిన కాపీని నింపుకునే పనిలోనే ఉన్నాయి. రెండోది ఆపగానే ఆ రెండింటిలో కాపీలున్న పీజీలకి పూర్తి కాపీ ఒక్కటే మిగిలింది, మిన్ సైజ్ 2 కాబట్టి సెఫ్ వాటికి ఐఓ (చదవడం, రాయడం) ఆపేసింది. వీఎంల కన్సోల్లో 120 సెకన్లుగా టాస్క్ బ్లాక్ అయిందని వరసగా మెసేజులు, ఇంతలో డేటాబేస్ చూసే మేడమ్ ఫోన్, "సైట్ కదలట్లేదండీ" అని.

అప్పుడు మిన్ సైజ్ 1 చేసేద్దామనిపిస్తుంది, దయచేసి చేయొద్దు, ఆ ఒక్క డిస్క్ పోతే డేటా పోయినట్టే. వీఎంలకి రీసెట్ కూడా కొట్టొద్దు. వర్ట్‌ఐఓ రకం వర్చువల్ డిస్కులున్నవి ఓపిగ్గా ఎదురుచూస్తాయి, రెండో సర్వర్ లేవగానే మావి వాటంతటవే కదిలాయి. పాత ఐడీఈ రకం డిస్క్‌తో ఉన్న ఒక్క వీఎం మాత్రం రీడ్ ఓన్లీ అయిపోయింది, ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే చేసి లేపాల్సొచ్చింది.

ఐఓ వచ్చినా రికవరీ ట్రాఫిక్ వల్ల వీఎంలు ఈడుస్తూనే ఉన్నాయి. ఒకేసారి ఎన్ని బ్యాక్‌ఫిల్స్ నడవాలో చెప్పే ఓఎస్‌డీ మ్యాక్స్ బ్యాక్‌ఫిల్స్‌ని అలవాటుగా 1 చేశా, ఏం మారలేదు. సెఫ్ క్విన్సీ వెర్షన్ నుంచి, ఏ పనికి ఎంత వంతో తేల్చే ఎంక్లాక్ షెడ్యూలర్ డిఫాల్ట్ కదా, ఓవర్‌రైడ్ ఆన్ చేస్తే తప్ప అది ఆ నంబర్ని పట్టించుకోదు. ఎంక్లాక్ ప్రొఫైల్‌ని, వీఎంల పనికి ఎక్కువ వంతిచ్చే హై క్లయింట్ ఆప్స్‌కి మార్చాక వీఎంలు ఊపిరి తీసుకున్నాయి, రికవరీ నెమ్మదించింది, నెమ్మదిస్తే నెమ్మదించనీ.

మూడోది ముట్టుకునే ముందు పీజీలన్నీ యాక్టివ్ ప్లస్ క్లీన్ (కాపీలన్నీ పూర్తిగా ఉండి పనిచేసే స్థితి) అయ్యేదాకా కూర్చున్నాం. తమ్ముడు ఐదు నిమిషాలకోసారి స్టేటస్ పైకి చదివి వినిపించాడు. నాలుగోది కూడా క్లీన్ అయ్యి నోఅవుట్ తీసేసరికి తెల్లారి ఆరున్నర.