డాలస్ సీసాలు

మళ్ళీ మా డాలస్ మరిదే. వచ్చే పోయే వాళ్ళతో పంపిన సీసాలు డైనింగ్ టేబుల్ నిండా ఉన్నాయి: డి, సి, ఇ విటమిన్లు, చేప నూనె. "వయసు పైబడేకొద్దీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అదే లోలోపలి వాపు, పెరుగుతుంది వదినా, ఇవి వేస్తే అమ్మ మోకాళ్ళ నొప్పులు పోతాయి" అని ఫోన్లో క్లాసు. అత్తయ్యకి డాక్టరు గారు ఇప్పటికే వారానికొకటి 60,000 యూనిట్ల డి రాశారు, దాని మీద ఈ సీసాలోది రోజూ 5,000 అంటే వారానికి ఇంకో 35,000. సి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది గానీ డి కొవ్వులో చేరి కూర్చుంటుంది, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. ఈ మాట నేనంటే "వదినకన్నీ అనుమానాలే" అని నవ్వు. ఈయన సంగతి మీకు తెలిసిందే, సెల్‌ఫోన్లోంచి తలెత్తితేగా.

మా నాయనమ్మ ఏ సీసాలు మింగిందని? మండుటెండలో డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టి, నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కర్రతో కాకుల్ని తోలుతూ అక్కడే ఉండేది. మేము పైన ఎండి అడుగున ఇంకా మెత్తగా ఉన్న వడియాల్ని చాటుగా పీక్కుని తినేవాళ్ళం, చూసిందా, కర్ర ఇటు తిరిగేది. చర్మంలో డి బాగా తయారయ్యేది కూడా పొద్దుటి లేత ఎండకి కాదు, ఆ నడి మధ్యాహ్నపు ఎండకే.

ఇంతవరకూ రాశాక గుర్తొచ్చింది, అంత ఎండ తిన్న నాయనమ్మ కూడా పెద్దయ్యాక గోడ పట్టుకునే నడిచింది.

పోనీ మరిది చెప్పిందంతా గాలి కబురు కూడా కాదు. అమెరికాలో యాభై దాటిన 25,871 మందితో వైటల్ అని పెద్ద అధ్యయనం చేశారు. రోజూ 2,000 యూనిట్ల డి ఐదేళ్ళ పైన వేసుకున్నవాళ్ళలో రుమటాయిడ్ కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడేవి) కొత్తగా రావడం 22 శాతం తగ్గిందని 2022లో ప్రచురించారు. కానీ అదే అధ్యయనంలో, అప్పటికే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి డి వల్లా తగ్గలేదు, చేప నూనె వల్లా తగ్గలేదు! ఇదంతా మరిదికి మెసేజ్ పెడితే ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

రేపు డాక్టరు గారిని అడిగేదాకా సీసాలు ముట్టుకోవద్దన్నాను. అత్తయ్యేమో అప్పటికే ఒకటి వేసేసుకున్నారు. "చిన్నాడు పంపింది కదే, అప్పుడే కాస్త తేలిగ్గా ఉంది" అంటున్నారు.