ఖార్కివ్ అనే రాయాలన్నాడు మా అబ్బాయి

మా తమ్ముడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం చదివాడు. మా అబ్బాయి బడిలో కుటుంబ చరిత్ర మీద ప్రాజెక్టు ఇస్తే, ఆ రోజుల నాటి ఫొటో ఒకటి పంపమని అడిగాం. పంపాడు. కింద ఇంగ్లీషులో ఖార్కోవ్ అని రాశాడు. ఆ పేరుతో అయితే ఫొటో అతికించనని మావాడు మొండికేశాడు. వాడి ప్రాణస్నేహితుడిది ఆ ఊరే. యుద్ధం వచ్చాక కెనడాలోని ఎడ్మంటన్ చేరిన కుటుంబం. "అది రష్యావాళ్లు పిలిచే పేరు, వాళ్ల ఊరు ఖార్కివ్" అన్నాడు. ఒక్క అక్షరమే కదా అని సర్దిచెప్పబోయాను. వినలేదు.

ఈ మాట తమ్ముడికి చేరవేస్తే నొచ్చుకున్నాడు. "అక్కా, హాస్టల్లో, బస్సులో, ఆసుపత్రిలో అందరూ రష్యన్‌లోనే మాట్లాడేవారు. నా చెవిన పడిన పేరే రాశాను" అన్నాడు. వాడన్నదీ నిజమే. ఆ ఊళ్లో చాలామంది ఇంటిభాష రష్యనే.

అలా ఎందుకైందో చదివాక మాత్రం మావాడి పట్టుదలను కాదనలేకపోయాను. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఉక్రేనియన్ పుస్తకాల అచ్చును, నాటకాలను నిషేధించాడు. సోవియట్ పాలన తొలినాళ్లలో ఉక్రెయిన్‌కు ఖార్కివ్ రాజధాని. ఉక్రేనియన్‌కు ఉమ్మడి వర్ణక్రమం రూపుదిద్దుకున్నది ఆ ఊళ్లోనే. 1927లో పండితులు సమావేశమయ్యారు, 1928లో ఆమోదం దొరికింది. అయిదేళ్లు తిరగకుండానే దాన్ని రద్దుచేసి రష్యన్‌కు దగ్గరగా జరిపారు. ‘గ’ ధ్వనికి ఉన్న అక్షరాన్ని వర్ణమాలలోంచే తీసేశారు. 1928 వర్ణక్రమాన్ని ముందుండి నడిపించిన విద్యామంత్రి మికోలా స్క్రిప్నిక్ 1933లో తుపాకితో ప్రాణం తీసుకున్నాడు. తీసేసిన అక్షరం మళ్లీ బడిపుస్తకాల్లోకి రావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. ఇక ఒక్క అక్షరమే కదా అని ఎవరితో అనగలను?

ఇప్పటి రాజధాని కీవ్ పేరును ఇంగ్లీషులో Kiev అని కాక, తమ ఉచ్చారణ ప్రకారం Kyiv అని రాయమని 2018లో ఉక్రెయిన్ విదేశాంగ శాఖ ప్రపంచాన్ని కోరింది. మరుసటి ఏడాది వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మార్చుకుంది. తెలుగులో ఎటు రాసినా కీవ్ అనే వస్తుంది కనుక ఈ తగవు మనదాకా రాలేదు. ఖార్కోవ్-ఖార్కివ్, ల్వోవ్-ల్వివ్ లాంటి ఊరి పేర్ల దగ్గరే తేడా కంటికి కనిపిస్తుంది.

ఆ స్నేహితుడి తల్లి పుట్టినప్పటి నుంచి రష్యన్‌లో పెరిగింది. ఇప్పుడు పిల్లలతో ఉక్రేనియన్ తప్ప మాట్లాడదు. వంట చేస్తూ ఏదో మాటకు తడుముకుంటుంది, గరిటె పట్టుకుని అలాగే ఆగిపోతుంది, పిల్లవాడు అందిస్తాడు. ఖార్కివ్‌లో ఉండిపోయిన అమ్మమ్మ ఫోను చేసి రష్యన్‌లో పలకరిస్తుంది, మనవడు ఉక్రేనియన్‌లో జవాబిస్తాడు. నా కళ్లముందే జరిగిందది. ఆ తల్లి వాడిని వారించలేదు.

ఆమె దీక్ష అంటే నాకు ఎంతో గౌరవం. ఇంట్లో తెలుగే మాట్లాడండని తోటి తల్లులకు నేనూ చెబుతుంటాను. పొద్దున బస్సు వేళకు మాత్రం నా నోట ఇంగ్లీషే వస్తుంది. పరాయి భాష కోసం అంత గట్టిగా నిలబడిన మావాడు ఆ వాదనంతా ఇంగ్లీషులోనే చేశాడు. వాళ్ల భాషను పాలకులు అణచివేశారు. మన ఇళ్లలో తెలుగును ఎవరూ వద్దనలేదు, మనమే జారవిడుస్తున్నాం. అది నన్ను బాధపెడుతోంది.

తెలుగు ఎందుకు నేర్చుకోవాలని మావాడు అడిగినప్పుడల్లా, అమ్మమ్మతో మాట్లాడాలి కదా అని చెబుతూ వచ్చాను. స్నేహితుడి ఇంట్లో వదులుకుంటున్నది అమ్మమ్మ మాట్లాడే భాషనే. అది ఎలా సబబని వాడు అడిగితే ఏం చెప్పాలో నాకింకా తోచడం లేదు.