యాస గురించి మా మేనల్లుడు అడిగిన ప్రశ్న

నిన్న సాయంత్రం విజయనగరంలో గంటస్తంభం దగ్గర నడుస్తుండగా మా మేనల్లుడు ఉన్నట్టుండి, "సినిమాల్లో మనలా మాట్లాడేవాళ్ళంతా పనివాళ్ళో, నవ్వించేవాళ్ళో ఎందుకవుతారు మావయ్యా?" అని అడిగాడు. కాలేజీ కోసం విశాఖపట్నం వెళ్ళిన నాటి నుంచి వాడు మన ఉత్తరాంధ్ర యాసలో "ఏమిటి"కి బదులు వాడే "ఏటి" అనడం మానేశాడని అప్పుడే గమనించి బాధపడ్డాను. కథానాయకుడు ఏ ఊరివాడైనా శిష్టభాషే మాట్లాడి, అతని వంటమనిషి, కాపలాదారు మాత్రం శ్రీకాకుళం యాసలో మాట్లాడే దృశ్యాలను ఏళ్ళ తరబడి చూసి నవ్విన మనం, ఎవరి మాటకు గౌరవం దక్కుతుందో, పొట్టకూటికి వలస వెళ్ళినవాడిని పట్టణం ఎక్కడ నిలబెడుతుందో కూడా వాటి నుంచే నేర్చుకున్నామని నా అభిప్రాయం.

ఇదే ఊళ్ళో 1892లో తొలిసారి ప్రదర్శించిన "కన్యాశుల్కం" నాటకంలో, ఆడపిల్లలను డబ్బుకు కట్టబెట్టే ఆచారాన్ని నిలదీయడానికి గురజాడ అప్పారావు గారు ఎంచుకున్నది వాడుక భాషనేనని వాడికి చెప్పాను. 2020లో వచ్చిన "పలాస 1978" సినిమా ఈ శ్రీకాకుళం యాసను కథానాయకుడి నోటనే, కులం రగిల్చిన కోపంతో సహా వినిపించిందని వాడు గుర్తుచేశాడు. ఆ ఉదాహరణ నాకు తట్టనే లేదు. తర్వాత టీ తాగుతూ, మా అమ్మ మాట్లాడే మాటలను ఎవరూ నవ్వకుండా ఒక సినిమా మొత్తం వినాలని ఉందని చెప్పాను. "నాకూ అలాగే ఉంది మావా" అన్నాడు.