తండాకు అంగన్‌వాడీ తెచ్చుకోవడం: నా అనుభవం

అంగన్‌వాడీ గురించి ఏ ఆఫీసుకు పోయినా మాట తిరిగి తిరిగి గుడ్డు దగ్గరికే వస్తుంది. గుడ్లు అందుతున్నాయా, పాలు వస్తున్నాయా, బాలామృతం ఇస్తున్నారా అని అడుగుతారు. మా తండా తల్లుల బాధ అది కాదు. పత్తి తీతకు పోయేటప్పుడు చంటిదాన్ని ఎవరి దగ్గర వదిలి పోవాలి అన్నది వాళ్ళ బాధ. ఈ రెండూ ఒకే విషయమని ఆఫీసుకు అర్థమయ్యేలా చెప్పడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది. ఇంకో తండావాళ్ళకు పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా పడమటి వైపు ఒక లంబాడీ తండా. పేరు, మండలం రాయడం లేదు. అప్పుడు కసురుకున్నవాళ్ళూ, సాయం చేసినవాళ్ళూ ఇంకా అవే కుర్చీల్లో ఉన్నారు. నేను వీవోఏని, మహిళా సంఘాల పుస్తకాలు రాస్తాను. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేశారు. మాది అంతకంటే చిన్నది, అందుకే పెద్దూరి పంచాయతీలోనే ఉండిపోయాం. అంగన్‌వాడీ కూడా పెద్దూరిలోనే ఉండేది. మధ్యలో లారీలు తిరిగే రోడ్డు. మూడేళ్ళ పిల్ల ఒక్కతే దాటలేదు, చెయ్యి పట్టుకుని దాటించేవాళ్ళు ఆ వేళకు చేనులో ఉంటారు.

పత్తి తీతకు కిలో లెక్కన కూలి. ఎంత తీస్తే అంత. పొద్దున ఏడింటికల్లా ఆటో వచ్చి నిలబడుతుంది, ఆలస్యమైతే ఆగదు. పెద్దూరి సెంటర్ తెరిచేది తొమ్మిదికి. కొందరు పిల్లను చేనుకే తీసుకుపోయి చెట్టుకు చీర ఉయ్యాల కడతారు. మందు కొట్టిన చేను అది. ఇంకొందరు పెద్దపిల్లను బడి మాన్పించి ఇంట్లో ఉంచుతారు.

తండాకే సెంటర్ అడగొచ్చని నాకు మొదట తెలియదు. హైదరాబాద్‌లో ఒక సంస్థలో పనిచేసే మా చెల్లెలి స్నేహితురాలు ఫోన్‌లో చెప్పింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఆర్డర్‌లో, ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి సెంటర్ లేని వాడ ఏదైనా సరే, అడిగిన మూడు నెలల్లో అక్కడ అంగన్‌వాడీ పెట్టాలని ఉంది. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలనీ ఉంది. నాకు చాలా ధైర్యం వచ్చింది. ఆర్డర్ ప్రింట్ తీసుకుని, సంఘం ఆడవాళ్ళను వెంటబెట్టుకుని అంగన్‌వాడీలు చూసే ఆఫీసుకు పోయాను.

అక్కడి మేడం కాగితం చూడనైనా చూడలేదు. "కోర్టు ఆర్డర్లు మాకు చెప్పకమ్మా. మీ దగ్గర పిల్లలు ఎంతమంది ఉన్నరు?"

"నలభై మంది పైనే ఉంటరు మేడం."

"ఉంటరు అంటే కాదు. లిస్టు తేవాలె."

మాట కటువుగా ఉన్నా ఆమె అడిగింది న్యాయమే. చట్టం మన వైపు ఉండొచ్చు, కానీ ఫైలు కదిలేది లిస్టుతోనే.

ఇక లిస్టు సంగతి. బిడ్డ పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆధార్, ఇప్పుడు ఏ సెంటర్‌లో పేరుంది అని గడులు గీశాను. మొదటి రెండు గడులు సులువుగానే నిండాయి. పుట్టిన తేదీ దగ్గర పెన్ను ఆగింది. హైదరాబాద్‌లో అడ్డా కూలికి పోయినప్పుడు అక్కడే పుట్టిన పిల్లలకు సర్టిఫికెట్ ఉండదు, ఉన్నా పేరు ఉండదు. ఒక ముసలమ్మను మనవడి వయసు అడిగితే, "చెరువు అలుగు పోసిన ఏడు, బతుకమ్మ ముందర" అంది. ఆమె లెక్క తప్పు కాదు, కాకపోతే కంప్యూటర్ తీసుకోదు. చివరికి ఆశా అక్క దారి చూపించింది. తల్లీబిడ్డల కార్డులో టీకాల తేదీలు ఉంటాయి, కార్డు పోగొట్టుకున్నవాళ్ళ వివరాలు ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో దొరుకుతాయి. ఆ పిల్లవాడికి మొదటి సూది వేసిన తేదీ పట్టుకుని పుట్టిన తేదీ తేల్చాం.

అసలు చిక్కు చివరి గడిలో వచ్చింది. మా పిల్లల్లో సగం మంది పేర్లు పెద్దూరి సెంటర్‌లో ముందే ఉన్నాయి. మూడేళ్ళలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి ఇస్తారు. తల్లి నెలకొకసారి పోయి తెచ్చుకుంటుంది, అక్కడితో సరి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు రోజూ సెంటర్‌కు వచ్చి వేడి అన్నం, గుడ్డు తిని, ఆడుకుని, నాలుగు మాటలు నేర్చుకోవాలి. 2013 ఆహార భద్రత చట్టం ఆ తిండిని హక్కు చేసింది. మా పిల్లల పేర్లున్నాయి, పిల్లలు మాత్రం పోవడం లేదు. "పేరున్నవాళ్ళకు మళ్ళీ సెంటర్ ఎందుకు, ఆల్‌రెడీ కవర్ అయినరు కదా" అన్నారు ఆఫీసులో.

ఒక సాయంత్రం పెద్దూరి టీచర్ మా ఇంటికి వచ్చింది. ఆమె ముఖంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "మీ పిల్లల పేర్లు తీసేస్తే నా సెంటర్ ఎత్తేస్తరా చెల్లె?" అని అడిగింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఒక చేత్తో వండించాలి, ఒక చేత్తో పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలి, మధ్యలో సర్వే ఏదొచ్చినా ఆమెదే. ఇది ఆమె మీద ఫిర్యాదు కాదని సంఘం మీటింగ్‌లో రాసుకుని, ఆ మాటే దరఖాస్తులోనూ పెట్టాం. ఆ తర్వాత ఆమే మాకు చాలా విషయాలు చెప్పింది. తండా నుంచి అప్పుడప్పుడు వచ్చిన పిల్లలు ఎందుకు నిలవలేదో కూడా చెప్పింది. ఇంట్లో లంబాడీ భాష, అక్కడ అంతా తెలుగు. నీళ్ళు కావాలని అడగడం రాక మూలన కూర్చునేవారట.

గ్రామసభలో తీర్మానం పెద్ద గొడవ లేకుండానే అయింది. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయి దరఖాస్తు ఇచ్చాం, రసీదు ఇచ్చారు. ఆ కాగితం ఒక్కో ఆఫీసు దిగుతూ దిగుతూ, మేం మొట్టమొదట నిలబడిన టేబుల్ మీదికే వచ్చింది. నాకు నవ్వొచ్చింది, మా తోటికోడలికి ఏడుపొచ్చింది. కాకపోతే ఈసారి దానికి ఒక నంబర్ ఉంది. నంబర్ ఉన్న కాగితానికి ఏదో ఒక జవాబు రాయక తప్పదు.

జవాబు రానే వచ్చింది. కొత్త సెంటర్ మంజూరు తమ చేతిలో లేదని, కేంద్రం ఇచ్చిన సంఖ్యకు మించి పెట్టలేమని. ఇందులో అబద్ధమేమీ లేదు. అంగన్‌వాడీల సంఖ్య మీద ఢిల్లీ పరిమితి ఉంటుంది. నల్లమల అడవి గూడేల్లో ఉండే చెంచుల కోసమైతే, బాగా వెనుకబడిన ఆదివాసీ తెగలకని కేంద్రం 2023లో తెచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో వేరే దారి ఉంది. లంబాడీలు ఆ కోవలోకి రారు.

అక్కడ ఆగిపోయేవాళ్ళమే. అదే ఆఫీసులో ఒక సార్, టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు, "కొత్తది అడగకండ్రి, ఉన్నదాన్ని జరపమని అడగండ్రి" అన్నాడు. పిల్లలు తగ్గిన ఊళ్ళో రెండు సెంటర్లు ఉంటే ఒకదాన్ని అవసరమున్న చోటికి మార్చొచ్చని ఆయన మాట. అట్లాంటి ఊళ్ళు ఏవో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద సెంటర్లవారీగా పిల్లల సంఖ్య అడిగాం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు కనుక తోటికోడలి పేరు మీద వేశాం. గడువు 30 రోజులు, ఆ గడువులోపే లిస్టు చేతికొచ్చింది. వలసలతో సగం ఖాళీ అయిన ఒక ఊళ్ళో రెండు సెంటర్లు నడుస్తున్నాయి, రెండింటిలో కలిపినా మా తండా పిల్లలంత మంది లేరు. ఇంకో ఊరి నుంచి లాక్కుంటున్నామా అని మాలో మాకే చర్చ జరిగింది. అక్కడ రెండోది మిగులుతుంది, ఇక్కడ ఒక్కటీ లేదు అని సంఘంలో పెద్దామె తేల్చేసింది.

రెండో దరఖాస్తులో ఒక కొత్త కాగితం పెట్టాం, నా లెక్కలో మిగతా అన్నిటికంటే బరువైనది అదే. మా పిల్లలు చదివే ప్రైమరీ స్కూల్ హాజరు రిజిస్టర్ చూస్తే దసరా సెలవులు అయ్యాక మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లల వరుసల్లో ఎర్ర సిరా మొదలవుతుంది. మగపిల్లల వరుసలు మామూలే. పత్తి అయిపోయి సంక్రాంతి దాటాక ఆడపిల్లల వరుసలు మళ్ళీ నీలం. హెడ్‌మాస్టర్ సార్ రిజిస్టర్ జిరాక్స్ ఇవ్వనన్నాడు, పిల్లల పేర్లు ఉంటాయి కదా, అది సరైనదే. తండా నుంచి నెలవారీగా ఎంతమంది ఆడపిల్లలు రాలేదో మాత్రం లెటర్ మీద రాసి సంతకం పెట్టాడు. అంగన్‌వాడీ లేకపోతే నష్టపోయేది చంటిపిల్ల ఒక్కతే కాదు, దాన్ని ఎత్తుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ అక్క కూడా అని ఆ లెటర్ చెప్పినట్టు మేం ఎంత మాట్లాడినా చెప్పలేకపోయాం. ఆ కాగితం చదివాక ఒక పెద్ద అధికారి నేరుగా తండాకు వచ్చారు.

వచ్చి అడిగింది గది గురించి. కమ్యూనిటీ హాల్ ఉంది, కాకపోతే దాన్నిండా ఎవరిదో సిమెంట్, సెంట్రింగ్ చెక్క. ఆడవాళ్ళే ఖాళీ చేయించి, సున్నం వేశారు. నీళ్ళ ట్యాంకు పంచాయతీ పెట్టించింది. బాత్‌రూమ్ తలుపు మాత్రం చాలా కాలం గోనెపట్టానే.

సెంటర్ వచ్చింది. మొదట్లో పెద్దూరి టీచరే ఇన్‌చార్జ్‌గా రెండు చోట్లా చూసింది. ఆయా మా తండా కోడలే. ఆమె లంబాడీలో పిలిస్తే పిల్లలు పలికారు, మెల్లగా తెలుగు కూడా వస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు ఆరోగ్యలక్ష్మి భోజనానికి రోడ్డు దాటాల్సిన పని తప్పింది. 2015 నుంచి ఉన్న పథకమే, మా దగ్గర మాత్రం అప్పటిదాకా చాలామంది ఎండలో అంత దూరం నడవలేక వదిలేసినవాళ్ళే.

పని మాత్రం సగమే అయింది. సెంటర్ ఇప్పటికీ తొమ్మిదికే తెరుస్తారు, ఆటో ఏడింటికే వస్తుంది. పైగా మూడేళ్ళలోపు పిల్లలను రోజంతా ఉంచుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు. దానికి పాల్నా పథకం ఉంది. 2022లో మిషన్ శక్తి కింద పెట్టారు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలోనే క్రెష్, ఒక వర్కర్, ఒక హెల్పర్, రోజుకు ఏడున్నర గంటలు. మాకు కావాల్సింది అచ్చం అదే, ఒక్క పత్తి నెలల్లో పొద్దున కాస్త ముందు తెరిస్తే చాలు. చట్టాల్లో ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనికాడ ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. నేను ఇన్నేళ్ళలో ఒక్క చోట కూడా చూడలేదు. అడిగితే, "అట్లుంటదా?" అని నన్నే తిరిగి అడిగారు.

ప్రస్తుతానికి సంఘం నుంచే ఒక పెద్దామెకు కొంత ఇస్తున్నాం, ఏడు నుంచి తొమ్మిది దాకా హాల్ వసారాలో పిల్లలను చూసుకుంటుంది. పత్తి తీతకు పోయే ఒక్కో తల్లి ఇంత అని వేసుకుంటుంది. ఇది మేం పెట్టుకోవాల్సిన ఖర్చు కాదని మీటింగ్‌లో ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, నిజమే కదా. పాల్నా క్రెష్ కోసం గ్రామసభ తీర్మానం, కొత్త లిస్టు పెట్టి మళ్ళీ ప్రజావాణిలో ఇచ్చాం. కొత్త లిస్టు ఎందుకంటే పాత లిస్టులో పిల్లలు కొందరు ఆరేళ్ళు దాటి బడికి పోయారు, అన్ని తేదీలూ మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది. "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చింది. పరిశీలన ఎవరి టేబుల్ మీద జరుగుతోందో అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు రాసి పెట్టాను. దసరాలోపు కదలిక లేకపోతే వేస్తాం.