అరవై కోడిపిల్లలు, ఒక తూకం పుస్తకం

మా ఊరు నల్లగొండ జిల్లాలో ఉంది. మా ఇంట్లో నాటుకోళ్లు ఎప్పుడూ ఉండేవి కాని, వాటి పిల్లలను పెంచింది తల్లికోళ్లే తప్ప మేము కాదు. ఆ సంగతి నాకు నిరుటి డిసెంబరులో, ఒక్కరోజు వయసున్న అరవై వనరాజా పిల్లలను అట్టపెట్టెల్లో ఇంటికి తెచ్చుకున్న సాయంత్రం గాని అర్థం కాలేదు. వనరాజా, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకం. పెద్దయ్యాక మొండిగా బతుకుతుందన్న పేరు దానికి ఉన్నా, తొలి నాలుగు వారాలు అది కూడా మిగతా కోడిపిల్లల్లాగే సుకుమారమైనది.

పాత వంటగదిలో రెండంగుళాల మందాన వరిపొట్టు పరిచి, పిల్లలు పొట్టు తినకుండా మొదటి మూడు రోజులు దానిమీద వార్తాపత్రికలు వేశాను. పిల్లకు రెండు వాట్ల చొప్పున వేడి కావాలన్న లెక్కతో అరవై వాట్ల బల్బులు రెండు వేలాడదీద్దామనుకుంటే, దుకాణాలన్నిటా ఎల్‌ఈడీలే కనిపించాయి. అవి వెలుగునిస్తాయే కాని వేడినివ్వవు. పాత తీగబల్బుల కోసం మిర్యాలగూడ దాకా వెళ్లవలసివచ్చింది. మొదటి పూట బెల్లం కలిపిన నీళ్లు, మొక్కజొన్న నూక పెట్టి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో ముంచి తాగడం అలవాటు చేశాను.

మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలని, ఆ తరువాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించాలని చదివి, గంటగంటకూ థర్మామీటర్ చూస్తూ ఉంటే మా అమ్మ నవ్వింది. "దాన్నేం చూస్తవురా, పిల్లలు ఎట్ల పండుకున్నయో చూడు," అన్నది. ఆమె మాట నిజమే. చలిగా ఉంటే అవి బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుకీచుమంటాయి, వేడి ఎక్కువైతే రెక్కలు వాల్చి నోళ్లు తెరిచి దూరంగా జరుగుతాయి, సరిపోయినప్పుడు గది అంతటా పరుచుకొని నిద్రపోతాయి.

నాలుగో రాత్రి రెండు గంటలప్పుడు కరెంటు పోయింది. నేను లేచేసరికి పిల్లలన్నీ ఒక మూలకు చేరి గుట్టగా పడి ఉన్నాయి, అడుగున నలిగి నాలుగు చనిపోయాయి. గది మూలలను అట్టలతో గుండ్రంగా మూసి ఉంటే ఆ గుట్ట పడేది కాదు. అది తెలిసి కూడా మొదటి రోజు బద్ధకించాను. తెల్లారేసరికి పద్దెనిమిది అంగుళాల ఎత్తు అట్టలతో గుండ్రటి కంచె కట్టాను. కుంపటి సిద్ధంగా ఉంచుకొని, పొగ కమ్మకుండా కిటికీ కొద్దిగా తెరిచి పెట్టడం అప్పటినుంచి అలవాటైంది.

ఏడో రోజున, కోళ్లకు సోకే కొక్కెర తెగులుకు (రాణిఖేత్) లసోటా అనే టీకా కంటిలో చుక్కగా వేయించాను. టీకా మందును ఐసుగడ్డలున్న ఫ్లాస్కులో తేవాలి, కలిపిన తరువాత గంటా రెండు గంటల్లోపే వాడేయాలి. పద్నాలుగో రోజున గంబోరో అనే కోడిపిల్లల జబ్బుకు టీకా, ఇరవై ఎనిమిదో రోజున మళ్లీ లసోటా వేయించాను.

నన్ను నిజంగా ఆదుకున్నది తూకం పుస్తకం. ప్రతి శనివారం ఉదయం మేత పెట్టకముందు పది పిల్లలను పట్టి వంటింటి కాటామీద విడివిడిగా తూచి రాసుకునేవాణ్ణి. తెచ్చిన రోజు సగటు 37 గ్రాములు, వారం నిండాక 68, రెండు వారాలు నిండాక 125. మూడో శనివారం సగటు 200 వచ్చిందని సంతోషించబోయి, విడి అంకెలు చూసేసరికి మనసు చివుక్కుమంది. కొన్ని 240 తూగితే మూడు 130 దాటలేదు. కళ్లకు అన్నీ చలాకీగానే కనిపిస్తున్నాయి. సాయంత్రం మెడ కింద మేత నిలిచే సంచిని వేళ్లతో తడిమి చూస్తే, పెద్దవాటికి నిండుగా, చిన్నవాటికి ఖాళీగా ఉంది. ఒకే తొట్టి దగ్గర బలమైనవి చిన్నవాటిని తోసేస్తున్నాయన్నమాట. మరో రెండు తొట్లు పెట్టి, చిన్నవాటిని వేరు చేశాను.

ఆ వేరు చేసిన గుంపులోనే రెండు రోజుల తరువాత రెట్టలో నెత్తురు కనిపించింది. నీటి తొట్టి చుట్టూ పొట్టు ముద్దకట్టి ఉండటం నేను గమనించలేదు. రక్తపారుడు జబ్బు తెచ్చే క్రిమికి ఆ తడే నిలయం. పశువైద్యుడు ఆంప్రోలియం అనే మందు నీటిలో కలిపి ఇమ్మని చెప్పి, నేను బలానికని పోస్తున్న బీ-విటమిన్ టానిక్‌ను ఆపించారు. ఆంప్రోలియం బీ-1 విటమిన్‌కు అడ్డుపడి క్రిమిని కృశింపజేస్తుందట, కాబట్టి రెండూ కలిపి ఇస్తే మందు పని తగ్గుతుంది. తడి పొట్టు తీసేసి, కొత్త పొట్టు వేసి, రోజూ కట్టెతో కలియబెట్టాను. మూడు పిల్లలు పోయాయి, మిగిలినవి కోలుకున్నాయి.

ఆరు వారాలకు సగటు తూకం 610 గ్రాములు. రెక్క పొరలో మశూచి టీకా పొడిపించి, పగటిపూట పెరట్లోకి వదిలిన రోజున లెక్కపెడితే యాభైమూడు ఉన్నాయి. ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకు మరో టీకా వేయించాలి. శనివారం తూకం మాత్రం ఆపలేదు, కాకపోతే ఇప్పుడు వాటిని పట్టుకోవడానికి ఇద్దరం కావలసివస్తున్నది.