రొట్టె చేతిలో పెడుతూ పలికే మాటలు

క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు భోజనం గురించి ఇంగ్లాండులో రూపుదిద్దుకున్న ఆంగ్లికన్ సంఘం ఏమి నమ్ముతుందని ఎవరైనా అడిగితే, నేను సిద్ధాంత గ్రంథాల జోలికి పోకుండా ముందుగా ఆ సంఘపు ఆరాధన క్రమాలున్న ప్రార్థన పుస్తకం తెరిచి చూపిస్తాను. అందులోనూ ఒక్క ఘట్టం చాలు. బల్ల యెదుట మోకరించిన విశ్వాసి చేతిలో రొట్టె పెడుతూ గురువు రెండు వాక్యాలు పలుకుతాడు. "నీ కొరకు అర్పింపబడిన మన ప్రభువైన యేసుక్రీస్తు శరీరము నీ శరీరమును ఆత్మను నిత్యజీవమునకై కాపాడును గాక" అన్నది మొదటిది. "క్రీస్తు నీ కొరకు మరణించెనని జ్ఞాపకము చేసికొనుచు దీనిని తీసికొని తినుము; విశ్వాసమువలన, కృతజ్ఞతతో, నీ హృదయములో ఆయనను భుజించుము" అన్నది రెండవది. 1662 ప్రార్థన పుస్తకంలో ఇవి ఒకదాని వెంట ఒకటి విరామం లేకుండా వస్తాయి కనుక, వినేవారికి అంతా ఒకే మాటగా తోస్తుంది. కాని ఇవి ఒకేసారి పుట్టినవి కావు, ఒకే ఉద్దేశంతో రాసినవీ కావు. వీటిని కలిపి ఉంచడంలోనే ఈ సంప్రదాయపు ప్రాణం ఉందని నా దృఢ నమ్మకం.

మొదటి వాక్యం 1549 నాటిది. ఆరవ ఎడ్వర్డ్ కాలంలో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఇంగ్లాండు ప్రజల భాషలో కూర్చిన తొలి ప్రార్థన పుస్తకంలో ఈ ఒక్క వాక్యమే ఉండేది. పాత కాథలిక్ విశ్వాసాన్ని వదలని బిషప్ స్టీఫెన్ గార్డినర్ ఆ పుస్తకాన్ని చదివి, ఇందులోని ఆరాధన క్రమాన్ని తన విశ్వాసానికి అనుగుణంగానే అర్థం చేసుకోవచ్చని వాదించాడు. ఆ వాదన క్రాన్మర్‌కు రుచించలేదు. 1552లో వచ్చిన రెండవ పుస్తకంలో గార్డినర్ ఆధారపడిన చోట్లు చాలావరకు మారిపోయాయి; రొట్టె ఇచ్చేటప్పటి మొదటి వాక్యం పూర్తిగా పోయి, దాని స్థానంలో రెండవది వచ్చింది. అందులో శరీరం అన్న ప్రస్తావనే లేదు. మరుసటి సంవత్సరం మేరీ రాణి సింహాసనమెక్కడంతో ఆ పుస్తకం రద్దయింది. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో క్రాన్మర్‌ను సజీవంగా దహనం చేశారు. ఆయనపై మోపిన నేరాలలో ఈ సంస్కారాన్ని, అంటే ప్రభు భోజనమనే పవిత్ర ఆచారాన్ని, గూర్చిన బోధ ముఖ్యమైనది. ఎలిజబెత్ రాణి కాలంలో, 1559లో, ప్రార్థన పుస్తకం తిరిగి వచ్చినప్పుడు రెండు వాక్యాలనూ పక్కపక్కన చేర్చారు.

ఇది కేవలం రాజకీయ సర్దుబాటు అని కొందరు కొట్టిపారేస్తారు. పాత విశ్వాసంవారినీ సంస్కరణవాదులనూ ఒకే సంఘంలో నిలుపుకోవలసిన అవసరం అప్పటి పాలకులకు ఉన్నమాట నిజమే. అయినా ఆ రెండు వాక్యాలను వరుసగా, నిదానంగా చదివినప్పుడు, రాజకీయం ఒక్కటే వాటిని ఇంత చక్కగా అతకగలదని నేను ఒప్పుకోలేను. మొదటి వాక్యం దేవుడు ఇచ్చేదాన్ని గురించి చెబుతుంది. రెండవది మనిషి దాన్ని పుచ్చుకోవలసిన తీరును చెబుతుంది. మొదటిది తీసేస్తే భోజనం మన జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన స్మారక సభగా మిగులుతుంది. రెండవది తీసేస్తే, తినేవాని హృదయంతో నిమిత్తం లేకుండా పనిచేసే మందులాగా రొట్టె మారిపోతుంది.

1571లో ఖరారైన ముప్పైతొమ్మిది విశ్వాస సూత్రాలలో 28వది కూడా ఇదే దారిలో నడుస్తుంది. రొట్టె, ద్రాక్షారసాల సారమే మారిపోతుందన్న బోధను అది తోసిపుచ్చుతుంది; అది లేఖనాలకు విరుద్ధమనీ, సంస్కారమన్నదాని స్వభావాన్నే చెరిపేస్తుందనీ అంటుంది. అదే సూత్రం, ఈ భోజనం క్రైస్తవులకు ఒకరిపట్ల ఒకరికి ఉండవలసిన ప్రేమకు గుర్తు మాత్రమే కాదని కూడా అంతే గట్టిగా చెబుతుంది. ఆపైన, క్రీస్తు శరీరం పరలోక సంబంధమైన ఆత్మీయ రీతిలో మాత్రమే ఇవ్వబడుతుందనీ, తీసుకోబడుతుందనీ, తినబడుతుందనీ, అందుకు సాధనం విశ్వాసమనీ ప్రకటిస్తుంది. ఈ సూత్రం తాను రాసినదేనని బిషప్ ఎడ్మండ్ గెస్ట్ 1566లో రాణి మంత్రి విలియం సెసిల్‌కు రాసిన లేఖలో చెప్పుకున్నాడు. ఆ "మాత్రమే" అన్న మాట క్రీస్తు శరీరం అక్కడ లేదనడానికి కాదనీ, దానిని భౌతికంగా, ఇంద్రియాలకు అందే విధంగా ఊహించడాన్ని నివారించడానికేననీ వివరించాడు. విశ్వాసం లేనివారు ఈ భోజనంలో క్రీస్తును తినరని చెప్పే 29వ సూత్రం ఆయనకు సమ్మతం కాలేదు. అయినా 1571లో అది సూత్రాలలో చోటు సంపాదించింది. అంటే, ఒకే సూత్రాల పట్టికలో రెండు రకాల మొగ్గు పక్కపక్కనే ఉన్నాయి. దీన్ని అస్పష్టత అనడం న్యాయం కాదు. ఏది కాదో స్పష్టంగా చెప్పారు, ఏది అందుతుందో స్పష్టంగా చెప్పారు. ఎలా అన్న ఒక్కదాన్ని దేవునికి విడిచిపెట్టారు. 1597లో ఆంగ్లికన్ వేదాంతి రిచర్డ్ హుకర్ తన మహాగ్రంథం ఐదవ భాగంలో, క్రీస్తు సాన్నిధ్యాన్ని సంస్కారంలో కాక, దాన్ని యోగ్యంగా పుచ్చుకునేవానిలో వెదకాలని రాసినప్పుడు, ఆ విడిచిపెట్టడానికి వేదాంతపరమైన పునాది వేశాడు.

మోకరించడం మీద నడిచిన వివాదం కూడా నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. 1552 పుస్తకం అచ్చులో ఉండగా, సంస్కారం మోకరించి తీసుకోవడం విగ్రహారాధనకు దారితీస్తుందని స్కాట్లాండు సంస్కర్త జాన్ నాక్స్ బోధించాడు. క్రాన్మర్ మోకరింపును వదలడానికి ఒప్పుకోలేదు. చివరకు రాజు మంత్రాంగ సభ ఒక వివరణను చేర్పించింది: ఈ మోకరింపు కృతజ్ఞతకూ వినయానికీ గుర్తు మాత్రమేననీ, రొట్టెలో గాని ద్రాక్షారసంలో గాని క్రీస్తు శరీరరక్తాల నిజమైన, సారభూతమైన సాన్నిధ్యం ఉన్నదని ఆరాధించడం కాదనీ దాని సారాంశం. 1559లో ఆ వివరణను తొలగించారు. 1662లో అది తిరిగి వచ్చింది, కాని ఈసారి ఖండన నిజమైన సాన్నిధ్యాన్ని తాకలేదు. శరీర సంబంధమైన సాన్నిధ్యానికే పరిమితమైంది. మోకరించేవాడు ఎప్పటిలాగే మోకరిస్తూ వచ్చాడు. ఆ మోకాళ్ల వెనుక ఉన్న సిద్ధాంతాన్ని పెద్దలు మూడుసార్లు మార్చుకున్నారు.

విశ్వాసం ఆచరణలో ఎలా కనబడుతుందో చూడాలంటే, ఆరాధన ముగిశాక బల్ల దగ్గర జరిగేదాన్ని గమనించాలి. 1662 పుస్తకపు నియమం ప్రకారం, ప్రార్థనతో ప్రతిష్ఠింపబడని రొట్టె, ద్రాక్షారసం మిగిలితే వాటిని గురువు తన ఇంటికి తీసుకుపోవచ్చు. ప్రతిష్ఠింపబడినవి మిగిలితే మాత్రం తెల్లని నారబట్ట కప్పి ఉంచి, ఆశీర్వాదం ముగిసిన వెంటనే, గురువూ సంస్కారం తీసుకున్నవారిలో అతడు పిలిచినవారూ అక్కడే భక్తితో తిని త్రాగాలి. గుడి బయటకు తీసుకుపోకూడదు. ఒకే రొట్టెలోని రెండు భాగాలకు రెండు మర్యాదలు! ఏమీ జరగలేదని నమ్మే సంఘం ఇలాంటి నియమం రాసుకోదు. అలాగని, మిగిలినదాన్ని పెట్టెలో భద్రపరచి ఆరాధించడానికీ అది ఒప్పుకోలేదు. రోగుల కోసం దాచి ఉంచడమన్న ప్రశ్న తరువాత ఎంత బరువెక్కిందంటే, కొత్త ప్రార్థన పుస్తకాన్ని బ్రిటిష్ పార్లమెంటు 1927లోనూ 1928లోనూ తిరస్కరించడానికి అదొక ప్రధాన కారణమైంది.

ఎంత తరచుగా తీసుకోవాలన్న విషయంలో చరిత్ర అంత గర్వకారణంగా లేదు. ఏడాదికి కనీసం మూడుసార్లు, అందులో ఒకసారి ఈస్టరుకు, అని పుస్తకం నియమిస్తే, 18వ శతాబ్దంలో చాలా గ్రామాల గుడులలో ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి బల్ల సిద్ధం చేసేవారు కాదు. ఆ కరవు కాలంలోనే మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన సోదరులు జాన్, చార్లెస్ వెస్లీలు 1745లో ప్రభు భోజనం మీద ఒక కీర్తనల సంపుటాన్ని వెలువరించారు. 1833లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం సంస్కారాన్ని మళ్లీ సంఘ జీవితానికి నడిమధ్యకు తెచ్చింది. దానికి మూల్యం కూడా చెల్లించింది. 1843లో ఈ సంస్కారంపై చేసిన ప్రసంగానికి ఆ ఉద్యమ నాయకుడు ఎడ్వర్డ్ ప్యూసీని విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ప్రసంగించకుండా నిషేధించారు. 1874 నాటి చట్టం కింద, ఆరాధన ఆచారాల విషయమై కొందరు గురువులు జైలుకు కూడా వెళ్లారు. ప్రతి ఆదివారం సంఘమంతా కలిసి సంస్కారం తీసుకోవడమే ప్రధాన ఆరాధన అన్న పద్ధతి విస్తృతంగా స్థిరపడినది 20వ శతాబ్దంలోనే.

క్రాన్మర్ చేసిన మార్పులన్నింటిలో నాకు అత్యంత ప్రియమైనది ఒకటుంది. 1549 పుస్తకంలో, మమ్మల్ని, మా ఆత్మలను, మా శరీరాలను సజీవయాగంగా సమర్పిస్తున్నామన్న ప్రార్థన రొట్టె పంచడానికి ముందే వచ్చేది. 1552లో ఆయన దాన్ని పంచిన తరువాతకు జరిపాడు. క్రీస్తు ఒక్కసారే అర్పించిన బలికి మనం కలిపేది ఏమీ లేదు. పుచ్చుకున్న తరువాతే మన అర్పణ, అదీ కృతజ్ఞతగానే. 1764 నాటి స్కాట్లాండు క్రమమూ, దాని వారసత్వంలో వచ్చిన 1789 నాటి అమెరికా పుస్తకమూ ఆ ప్రార్థనను మళ్లీ ముందుకు తెచ్చాయి. దానికి వారి కారణాలు వారికున్నాయి, వాటిపట్ల నాకు గౌరవమే ఉంది. అయినా నా మనసు క్రాన్మర్ వరుస వైపే నిలుస్తుంది. ఇంగ్లాండు సంఘం 2000లో అమలులోకి తెచ్చిన కొత్త ఆరాధన పుస్తకం కామన్ వర్షిప్‌లోనూ ఆ వరుస మిగిలి ఉండటం నాకు సంతోషం. అక్కడ సంస్కారం తీసుకున్న తరువాత, ఒకప్పుడు గురువు ఒక్కడే పలికిన ఆ సమర్పణను సంఘమంతా కలిసి పలుకుతుంది. తమ ఆత్మలను శరీరాలను సజీవయాగంగా అర్పించి, పరిశుద్ధాత్మ శక్తితో తమను లోకంలోకి పంపమని అడుగుతుంది.